గోడలో పోయిన పైపు

పదింటికీ రెండింటికీ మధ్య వస్తానన్నాడు కేబుల్ ఆయన. ఈ ‘మధ్య’ అనే మాట కనిపెట్టినవాడు జన్మలో ఎవరికోసమూ ఎదురుచూసి ఉండడు. ఆఫీసుకి సెలవు పెట్టి, పొద్దున్నుంచి నేను కాలుగాలిన పిల్లిలా గేటుకీ వంటింటికీ తిరుగుతున్నాను. పాలు రెండుసార్లు పొంగాయి. లారీ మీద ఎక్కడో దూరాన ఉన్న మా ఆయన గంటకోసారి ఫోన్ చేసి “వచ్చాడా?” అని అడుగుతున్నాడు. మూడోసారికి, “వస్తే నేనే చెప్తాను, నువ్వు బండి చూసుకో,” అని పెట్టేశాను.

మా కాలనీకి ఇంటర్నెట్ లైను రావడం ఇదే మొదలు. ఇన్నాళ్ళూ ఫోనులో రెండు గీతల సిగ్నల్ కోసం మేడెక్కి మూల మూలకీ తిరిగేవాళ్ళం. పోయిన నెల రోడ్డు వెంట తవ్వి కేబుల్ వేశారు. వీధిలో అందరికీ అది సినిమాలు చూసుకోవడానికి. నాకు మాత్రం ఉద్యోగం నిలబెట్టుకోవడానికి.

నేను ఆసుపత్రులకి టైపు చేస్తాను. డాక్టర్లు రికార్డు చేసి పంపిన మాటలు విని, రోగుల రిపోర్టులుగా కొట్టి పంపాలి. పదకొండేళ్ళుగా రెండు బస్సులు మారి వెళ్తున్న ఆఫీసుని ఈ నెలాఖరుకి మూసేస్తున్నారు. ఇంట్లో లైను ఉన్నవాళ్ళకే ఇకమీదట పని. ఇవాళ ఐదింటికి సూపర్‌వైజర్ మేడమ్ ఫోన్ చేసి లైను పరీక్షిస్తుంది. అప్పటికి లైను లేకపోతే జాబితాలో నా పేరుండదు. ఈ సంగతి ఆవిడ ఎంత మెత్తగా చెప్పిందంటే, ఫోన్ పెట్టేశాక గానీ నాకు భయం వేయలేదు.

మా మావయ్య, అంటే మా ఆయన నాన్న, వరండాలో కుర్చీ వేసుకుని నా తిరుగుడంతా చూస్తున్నారు. నలభై ఏళ్ళు తాపీ పని చేసిన మనిషి. చుట్టాలింటికి వెళ్ళినా, కూర్చునే ముందు గోడ నిమిరి చూస్తారు. అత్తయ్య పోయాక, పని మానేశాక, ఆయనకి మిగిలింది మా ఇంటి గోడలే.

“కూర్చోమ్మా. వచ్చేవాడు రాక మానడు,” అన్నారు.

“మీకేం మావయ్యా, చెప్తారు,” అన్నాను.

మూడు కావస్తుండగా వచ్చాడు కేబుల్ ఆయన. భుజాన తీగచుట్ట, చేతిలో నిచ్చెన, మొహాన పొద్దున్నుంచి తిన్న చీవాట్లు. చెప్పులు విప్పకుండానే, “పైపు మూతి ఎక్కడమ్మా?” అన్నాడు.

పోయిన వారం మనుషులొచ్చి, ప్రతి ఇంటికీ రోడ్డు మీంచి భూమిలో ఒక పైపు వేశారు. దాని మూతి ముందు గోడ అడుగున కనబడేలా గూడు కొట్టి, పైపులో ఒక నీలం తాడు వదిలి వెళ్ళారు. ఆ తాడుకి కేబుల్ కట్టి లాగితే ఇంట్లోకి వస్తుంది. నేను పొద్దున ఏడింటికి వెళ్ళి, చీకటి పడ్డాక వచ్చేదాన్ని. మెట్లకీ కిటికీకీ మధ్య ఎక్కడో ఒకసారి చూసిన గుర్తు.

“అదిగో, అక్కడ,” అని చూపించాను. అక్కడ గోడ తప్ప ఏమీ లేదు. నున్నగా, శుభ్రంగా, రంగుతో సహా ఉంది.

కేబుల్ ఆయన వంగి అరచేత్తో తడిమాడు. “అతుకు కూడా తెలీట్లేదు. ఎవరో పనిమంతుడే పూడ్చాడు,” అన్నాడు.

వెనక్కి తిరిగి మావయ్య వైపు చూశాను.

“ఏ పైపమ్మా?” అన్నారు మావయ్య.

“పైపు మావయ్యా, ఇంటర్నెట్ పైపు. మీరే పూడ్చారు కదా.”

“నేను పూడ్చలేదే. చేస్తే చేశానని చెప్పనా?”

పన్నెండు రోజులైతే గానీ మళ్ళీ రాలేనని, ‘ఇల్లు సిద్ధంగా లేదు’ అని రాసుకుపోవడం తన రూలని కేబుల్ ఆయన చెబుతున్నాడు. ఆ మాటలు ఒక చెవిలో పడుతుంటే నేను నోరు జారాను. “గోడకి చిన్న బొక్క కనిపిస్తే మీకు నిద్ర పట్టదు. పనిలేకపోతే ఊరికే కూర్చోవచ్చుగా. ఎవరడిగారు మిమ్మల్ని? పైగా చెయ్యలేదని అబద్ధం ఒకటి.”

కేబుల్ ఆయనకి నా మీద జాలేసిందో, మావయ్య మీద జాలేసిందో, “పక్కింటి పని చూసుకుని వస్తా. ఈలోపు దొరికిందా సరే,” అని వెళ్ళాడు.

అప్పుడే పక్కింటి టైలరమ్మ ప్రహరీ మీంచి తొంగి చూసింది. ఆవిడ చెవిన పడని మాట మా వీధిలో లేదు. “పెద్దాయన్ని ఏమీ అనకు వదినా. గురువారం పొద్దస్తమానం అక్కడే కూర్చుని రుద్దారు పాపం. భలే వచ్చింది బాబాయ్ అంటే ఎంత పొంగిపోయారో.”

ఇప్పుడేమంటారన్నట్టు ఆయన వైపు తిరిగాను. దొరికిపోయినవాడి మొహం కాదది. ఎవరో తెలియనివాళ్ళ కబురు వింటున్నట్టు వింటున్నారు.

“గురువారమా? నేనా?” అన్నారు, ఆవిడనీ నన్నూ మార్చి మార్చి చూస్తూ.

నా కోపం అక్కడికక్కడే చచ్చిపోయింది. దాని చోట ఇంకోటి వచ్చింది, భయం. నెల రోజులుగా తాళాలు ఎక్కడెక్కడో దొరకడం, స్నానం చేసి మళ్ళీ స్నానానికి వెళ్ళడం, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. రెండు బస్సుల హడావుడిలో నేను దేన్నీ పట్టించుకోలేదు. నాకు సిగ్గేసింది. గడియారం మూడుంపావు చూపిస్తోంది, దానికి మాత్రం ఏ సిగ్గూ లేదు.

మావయ్య లేచి లోపలికెళ్ళి ఉలీ సుత్తీ పట్టుకొచ్చారు. “నేనే చేసి ఉంటే నా చేతికి తెలుస్తుందిలే,” అన్నారు.

గోడ ముందు గొంతుక్కూర్చుని వేలి కణుపులతో తడుతూ జరిగారు. మొదట కొట్టిన చోట ఇటుక వచ్చింది. రెండోచోటా ఇటుకే. ఆయన ఉలి దించి, మొదటి చోటే మళ్ళీ తట్టి చూశారు. నేను పక్కన కూర్చుని, “తొందర లేదు మావయ్యా,” అన్నాను. అంత పెద్ద అబద్ధం ఆ రోజుకి అదే అనుకున్నాను. మూడోచోట పెచ్చు ఊడి, నీలం తాడు బయటపడింది.

కేబుల్ ఆయన తిరిగొచ్చి, తాడుకి కేబుల్ కట్టి లాగి, కిటికీ పక్కనుంచి తీగ లోపలికి తెచ్చి, పెట్టె బిగించాడు. నాలుగూ నలభైకి ఆకుపచ్చ దీపం వెలిగింది. “ఇంట్లో ఇంత మంచి మేస్త్రీ ఉండటం మా ప్రాణానికొచ్చింది,” అని నవ్వుతూ వెళ్ళిపోయాడు. మావయ్య కూడా నవ్వారు.

ఐదింటికి తలుపు దగ్గరగా వేసి కూర్చున్నాను. మేడమ్ ఫైళ్ళు పంపింది, నేను కొట్టి పంపాను. లైను బాగుందంది. వీడియోలో గది చూపించమంటే ఫోను తిప్పి చూపించాను. అప్పుడు బయట ఇనప బొచ్చెలో తాపీ గీస్తున్న చప్పుడు వినిపించింది. మావయ్య సిమెంటు కలుపుతున్నారు.

“చివరి ప్రశ్న,” అంది మేడమ్. “పగలు ఇంట్లో మీరు చూసుకోవాల్సినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? పసిపిల్లలు, జబ్బు మనుషులు? ఉంటే ఈ పని కుదరదు.”

తలుపు తెరుచుకుంది. మావయ్య చేతిలో తాపీతో నిలబడ్డారు. “ముందు గోడ ఎవరో మూడు చోట్ల తవ్విపోయారమ్మా. తీగేదో వేలాడుతోంది. కోసేసి పూడ్చేయనా?”

“ఎవరది?” అంది మేడమ్.

ఆయన మొహం చూస్తూనే చెప్పాను. “ఎవరూ లేరండి. తాపీ మేస్త్రీ. గోడ పనికొచ్చాడు.”

“సరే. సోమవారం నుంచి మొదలుపెట్టండి,” అంది మేడమ్. ఫోన్ పెట్టేసింది.

ఉద్యోగం నిలబడింది. నేను మాత్రం కుర్చీలోంచి లేవలేకపోయాను. మావయ్య గుమ్మం దాటి లోపలికి రాలేదు. కాళ్ళకున్న సిమెంటు గదిలో పడకుండా చూసుకుంటూ, తాపీని పక్కకి దించి, కొత్త ఇంటికి పనికొచ్చిన మనిషిలా ఒద్దికగా నిలబడ్డారు.

“తీగ కొయ్యమంటారా, వద్దంటారా అమ్మగారూ?” అన్నారు.

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. నలభై ఏళ్ళు ఇళ్ళవాళ్ళతో ఆయన మాట్లాడిన గొంతు అది.

నా తటపటాయింపు చూసి ఆయనే నెమ్మదిగా అన్నారు. “పోనీ, ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఉన్నారా అమ్మా? వాళ్ళనడిగే మొదలుపెడతాను.”

లేచి వెళ్ళి ఆయన చేతిలోంచి తాపీ తీసుకున్నాను.

“ఉన్నారు మావయ్యా,” అన్నాను. “మీరే.”