ఆరంగుళాల సైన్యం

రెండు గదుల ఇల్లు ఊడవడానికి ఎంతసేపు కావాలి? పావుగంట చాలు. అక్కకి మాత్రం ముప్పావుగంట పట్టేది. నేల మీద ఎప్పుడూ ఓ సైన్యం నిలబడి ఉండేది మరి. బొటనవేలంత మనుషులు, మాస్కులు పెట్టుకున్నవాళ్ళు కొందరు, వీపున గుడ్డ ఎగరేసుకున్నవాళ్ళు కొందరు. ఒక్కొక్కడి చుట్టూ చీపురు తిప్పి, వంగి, దుమ్ము ఊది, నడుం పట్టుకుని లేచేసరికి ఆమెకి తల ప్రాణం తోకకొచ్చేది.

"ఏరా, నీ పటాలాన్ని బల్ల మీదే ఉండమని చెప్పలేవా?"

"కళ్ళు పెట్టాక నా మాట వింటారేంటక్కా," అనేవాడు తమ్ముడు, మూడు వెంట్రుకల కుంచెతో ఇంకొకడికి కనుపాప దిద్దుతూ.

అదీ నిజమే. వాడు కళ్ళు దిద్దిన బొమ్మ మర్నాటి నుంచి నడిచేది. పరుగులూ గంతులూ ఏం లేవు. వాడి ఆటలో కాలిబంటుకి ఒక వంతుకి ఆరంగుళాలని, గుర్రానికి పన్నెండని నియమం. ఇంట్లోనూ అంతే. అక్క పొద్దున స్నానానికి వెళ్ళినప్పుడు ఆరంగుళాలు జరిగి ఆగిపోయేవాళ్ళు, మళ్ళీ మర్నాడే. ఎత్తి బల్ల మీద పెడితే తెల్లారేసరికి తీసినచోటే ఉండేవాళ్ళు. కుళాయిలు బాగుచేసేవాడు సింకు కింద ఇద్దర్ని చూసి, "వీళ్ళు పైపు దాటాక వస్తానమ్మా, బుధవారం," అని సంచి సర్దుకుని పోయాడు. బుధవారం దాకా సింకు కారుతూనే ఉంది.

ఇదంతా ఆమె చేతులారా తెచ్చుకున్నదే. అమ్మ పోయేనాటికి ఆమెకి పద్నాలుగు, వాడికి ఆరు. నాన్న లారీ ఎక్కితే ఇరవై రోజులకి గానీ దిగేవాడు కాదు. వాడు ఏడుపు మానితే చాలని అక్క పాత పుస్తకాల కొట్టు నుంచి సూపర్ హీరోల కామిక్స్ తెచ్చేది. చవగ్గా దొరికేవన్నీ చివరి పేజీ చిరిగినవే. విలన్ వంతెన కూలుస్తుంటాడు, హీరో ఇంకా గాల్లోనే ఉంటాడు, అక్కడితో కథ సరి. "తర్వాతేమైంది?" అని వాడు ప్రాణం తీసేవాడు. విలన్ని స్తంభానికి కట్టేసి హీరో భోజనం వేళకి ఇంటికొచ్చేశాడని అక్క చెప్పేది. ఏ కథైనా అంతే. ఓసారి పాత నీలం కర్టెన్ కత్తిరించి కుట్టి వాడి వీపుకి కట్టింది కూడా. వాడు నీళ్ళ డ్రమ్ము మీంచి ఎగిరి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు.

ఇరవయ్యో ఏట ఒక షాపులో నలుగురు పెద్దమనుషులు బల్ల చుట్టూ చేరి, బుల్లి బొమ్మలకి రంగులేసి, టేపుతో కొలిచి జరుపుతూ పాచికలు వేయడం చూసి వాడు పరిగెత్తుకుంటూ వచ్చాడు. "అక్కా, ఇది మన కామిక్సే! కాకపోతే చివరి పేజీ చిరిగిపోలేదు, ఎవరూ రాయలేదంతే. ఆడినవాళ్ళే రాసుకోవాలి!" ఆ రోజే వద్దని ఒక్క మాట అనుంటే పోయేది. అనలేదు. ఇప్పుడు వాడికి ముప్పై ఎనిమిది. బళ్ళకి నంబర్ ప్లేట్లు రాస్తాడు, వచ్చాక బొమ్మలకి కళ్ళు రాస్తాడు. పొయ్యి మీద కూర మాడుతోందో లేదో మాత్రం చూడడు.

ఆ నెల మూడో తారీకున అక్కకి ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. యూనిఫారాలు కుట్టే కంపెనీలో ఇరవయ్యేళ్ళుగా గుడ్డ కత్తిరిస్తున్న మనిషి. వేరే ఊళ్ళో కొత్త యూనిట్ పెడుతున్నారు, కటింగ్ విభాగం మొత్తం ఆమె చేతికిస్తామన్నారు. నెలాఖరులోగా సంతకం చేసి పంపాలి. ఇరవయ్యేళ్ళుగా ఎదురుచూసిన ఉత్తరాన్ని ఆమె రెండుసార్లు చదివింది, మడిచింది, తన గదిలో ఇటుకల మీద ఉన్న ట్రంకుపెట్టె కింద తోసేసింది.

"ఆ పని వేరేవాళ్ళకి ఇచ్చారట్రా," అంది సాయంత్రం.

"అయ్యో," అన్నాడు వాడు. కుంచె ఆగలేదు.

మర్నాడు సైన్యమంతా ఒకే వరసలో నిలబడింది. ఎప్పుడూ తలో దిక్కూ తిరిగేవాళ్ళు, బల్ల కాలి దగ్గర్నుంచి ఆమె గది గుమ్మం వైపు ముఖాలు పెట్టారు. రోజుకి ఆరంగుళాలు. ఆమెకి ఒళ్ళు మండింది.

"నా గదిలో వీళ్ళకేం పనిరా?"

"వాళ్ళనే అడుగు."

"నిన్నడగడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే!"

పదిహేనో తారీకు దాటాక సైన్యం గుమ్మం ఎక్కింది. అక్క మెళ్ళో టేపు తీసి కొలిచింది. కొలతల మనిషి, లెక్క ఇట్టే తేలింది. ఇంకో ఎనిమిది రోజులకి వీళ్ళు ట్రంకుపెట్టె కింద ఉంటారు. ఉత్తరం తీసి ఇంకోచోట దాచడానికి ఎంతసేపు? తీయలేదు. బీరువా ఉంది, బియ్యం డబ్బా ఉంది, పరుపుంది. ఎక్కడా దాచలేదు. రోజూ కొలవడం, రోజూ తిట్టడం.

ఇరవై ఆరో తారీకు పొద్దున ఆమె స్నానం చేసి వచ్చేసరికి తమ్ముడు ఆమె గదిలో నేల మీద చతికిలబడి ఉన్నాడు. సైన్యం పెట్టె అవతలికి వచ్చేసింది. ఉత్తరాన్ని కూడా ఆరంగుళాలు బయటికి నెట్టుకొచ్చింది. ఇప్పుడది వాడి చేతిలో ఉంది.

"వేరేవాళ్ళకి ఇచ్చారన్నావు."

"ఇస్తార్లే. నేను వెళ్తే నీకు తిండెవరు పెడతారు? మొన్న గుడ్డు ఉడకబెడతానని గిన్నెకి చిల్లు పెట్టావు."

"గిన్నె కొనుక్కుంటా."

"జ్వరమొస్తే?"

"మాత్ర కొనుక్కుంటా. అక్కా, ఒక మాట చెప్పనా? చిన్నప్పట్నించీ నీకు చెప్పలేదు." వాడి గొంతులో ఆమె ఎన్నడూ వినని విసుగుంది. "నీ కథల్లో ఒక్క హీరో ఊరు దాటలేదు. ఆకాశంలో ఎగరగలిగినవాడు రోజూ భోజనం వేళకి ఇంటికొచ్చేయడమేంటి? నాకు అప్పుడే చిరాకేసేది. నువ్వు బాధపడతావని ఊరుకున్నా."

అక్కకి ముందు కోపం వచ్చింది. ఇన్నేళ్ళు వండిపెట్టినందుకు ఇదా మాట! ఆ తర్వాత మంచం మీద కూర్చుండిపోయింది. నిజంగా ఏడ్చింది. వాడు ఓదార్చడం చేతకాక పెన్ను తెచ్చి పక్కన పెట్టాడు.

సంతకానికని కళ్ళజోడు పెట్టుకుంటే, వరసలో అందరికంటే ముందున్న బొమ్మ మొదటిసారి సరిగ్గా కనబడింది. ఆడమనిషి. కళ్ళజోడు, మెళ్ళో టేపు, వీపున నీలం గుడ్డ.

"ఇదెవర్రా?"

"సంతకం పెట్టు ముందు," అన్నాడు వాడు.

పది రోజుల తర్వాత, కొత్త ఊళ్ళో, కటింగ్ హాలు పక్క గదిలో అక్క పెట్టె విప్పితే బట్టల మడతల్లో ఆ బొమ్మ ఉంది. తిట్టుకుంటూ తీసి బల్ల మీద, గోడ వైపు తిప్పి పెట్టింది. మర్నాడు స్నానం చేసి వచ్చేసరికి అది కిటికీ వైపు జరిగి ఉంది. టేపు తీసి కొలిచింది. మళ్ళీ కొలిచింది. ఫోన్ చేసింది.

"ఏరా, నీ బొమ్మకి నియమాలు తెలీవా? కాలిబంటు పన్నెండంగుళాలు వెళ్ళింది!"

అవతల ఏదో చిటపటమని మాడుతున్న చప్పుడు. "ఎటు వెళ్ళింది?"

"బయటికి. కిటికీ అంచు దాకా వచ్చింది."

"తర్వాతేమైంది?" అన్నాడు వాడు, ఆరేళ్ళప్పటి గొంతుతో.

హాల్లో పని మొదలయ్యే గంట కొట్టారు. ఆమె కత్తెర అందుకుంది.

"ఏముందిరా, ఈసారి భోజనానికి రాలేదు," అని ఫోన్ పెట్టేసి వెళ్ళిపోయింది.