గడప మీద మాట

ప్రచార సలహాదారు తన మనుషులకు మొదటిరోజు చెప్పే పాఠం ఒకటే: మెట్టు ఎక్కొద్దు. వీధిలో నిలబడే నవ్వాలి, చెయ్యి చాచి కరపత్రం ఇవ్వాలి, ఏం మాట్లాడినా గడపకు రెండడుగులు ఇవతలే మాట్లాడాలి.

ఆ వార్డులో తలుపులు మాట పట్టుకుంటాయి. గడప మీద నిలబడి ఎవరైనా మాటిస్తే, అది నెరవేరేదాకా తలుపు తీసినప్పుడల్లా అదే గొంతుతో చెబుతుంది. నెరవేరాక ఊరుకుంటుంది. వేలితో తడితే మాత్రం మళ్ళీ చెబుతుంది. వార్డు మెంబరు తన మొదటి ఎన్నికల్లో డెబ్బై గడపలెక్కి "వచ్చే నెలలో డ్రైనేజీ" అన్నాడు. తొమ్మిదేళ్ళయింది. పాలప్యాకెట్టు కోసం తలుపు తీసినా డ్రైనేజీయే. అందుకే ఈసారి సలహాదారును పెట్టుకున్నాడు.

సలహాదారు ప్రింటింగ్ ప్రెస్సు పైన గది తీసుకున్నాడు. గోడకు వార్డు పటం, దాని నిండా రంగుల గుండుసూదులు. ఎదుటి అభ్యర్థి పాత దర్జీ, కుళాయిల కోసం ఇరవై ఏళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగిన మనిషి. అందరికీ కుళాయి పిన్ని. ఈమధ్య ఆవిడకు మతిమరుపు. అన్నీ చీటీల మీద రాసుకుని సంచిలో వేసుకుంటుంది. ఏ చీటీ ఏ అరలో ఉందో చెప్పడానికి ఇంకో చీటీ.

ఒకరోజు పొద్దున్నే ఆవిడ అతని తలుపే తట్టింది.

"ఎవరు బాబూ నువ్వు? చీటీలో లేవే!"

"మిమ్మల్ని ఓడించడానికొచ్చినవాణ్ణండీ. నిన్న కూడా చెప్పాను."

"చెప్పే ఉంటావులే. పైకి నీళ్ళెక్కుతున్నాయా?"

"లేదండీ, బకెట్లతో మోస్తున్నా. కానీ నాకిక్కడ ఓటు లేదు."

"ఓటు లేనివాడికి దాహం వెయ్యదా ఏం? శుక్రవారంలోగా ఎక్కిస్తా."

గురువారం మధ్యాహ్నం కుళాయి మూడుసార్లు దగ్గి నీళ్ళు వదిలింది. అతను చొక్కా ఉతికి ఆరేసుకున్నాడు. తర్వాత కూర్చుని, ఆదివారం అభ్యర్థులిద్దరూ వచ్చే సభలో పిన్నిని అడగాల్సిన ప్రశ్న రాశాడు.

సభ బడి హాల్లో. మెంబరు బావమరిది లేచి కాగితం చూసి చదివాడు. "పిన్నిగారూ, ఈ ఇరవై ఏళ్ళలో మా వార్డుకి మీరు చేసిన పనులు ఒక్కొక్కటీ చెప్పండి." ఎంత మర్యాదైన ప్రశ్న! రెండు ఫోన్లు వీడియో తీస్తున్నాయి.

పిన్ని సంచిలో చెయ్యి పెట్టింది. ఇంట్లో ఎవరో సంచిని చీటీలతో సహా ఉతికేశారు. చేతికి గట్టిపడిన కాగితపు ఉండ ఒకటి వచ్చింది. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"నాకు గుర్తులేవర్రా," అంది.

బావమరిది కిసుక్కుమన్నాడు. ముందు వరసలో వడ్రంగి భార్య లేచింది. "గుర్తులేకపోతే ఏం పోయింది, కూర్చో పిన్నీ. మేం తెస్తాం." మొగుడి భుజం పొడిచింది. "చూస్తావేంటి? స్క్రూడ్రైవరు పట్రా."

అరగంటలో తలుపులు రావడం మొదలైంది. ఇద్దరేసి మోసుకొచ్చి గోడకు ఆనించారు. దారిలో కదిలినందుకు తెరిచారనుకున్నాయో ఏమో, ఏడు తలుపులు ఒక్కసారే "వచ్చే నెలలో డ్రైనేజీ" అన్నాయి. మెంబరు నేల చూశాడు. వడ్రంగి భార్య ఒక్కోదాన్నీ వేలితో తట్టుకుంటూ వెళ్ళింది. "చెత్తబండి మీ సందులోకీ వస్తుంది." "మలుపులో దీపం నేను చూస్తా." అన్నీ పిన్ని గొంతే.

"ఆ దీపమా!" అంది పిన్ని. "ఇంజినీరు మూడుసార్లు తిప్పాడు. నాలుగోసారి వాళ్ళమ్మతో చెప్పా."

హాలు ఘొల్లుమంది. ఆ నవ్వుల్లోనే సలహాదారు వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోయాడు. తోక ముడిచాడనుకున్నారంతా. కాసేపటికి ఒక తలుపు వీపున వేసుకుని తిరిగొచ్చాడు. పై బందు ఊడి వేలాడుతోంది.

"ఏంటయ్యా ఇది?" అన్నాడు మెంబరు.

"తలుపండీ."

"కళ్ళున్నాయి నాకు. నువ్వెవరి మనిషివి?"

అతను మెంబర్ని దాటుకుని ముందుకెళ్ళాడు. తలుపును వరసలో చివర ఆనించి తట్టాడు. "ఓటు లేనివాడికి దాహం వెయ్యదా ఏం? శుక్రవారంలోగా ఎక్కిస్తా."

పిన్ని అతనికేసి చూసింది. "ఎవరు బాబూ నువ్వు?"

"ప్రెస్సు పైన ఉంటానండీ."

"నీళ్ళెక్కాయా?"

"ఎక్కాయండీ."

పిన్ని ముప్ఫైఒక్క ఓట్లతో గెలిచింది. సలహాదారును మెంబరు సభనాడే పనిలోంచి తీసేశాడు. ఫలితాల మర్నాడు అతను తలుపు బిగించి, పటం మీది సూదులు పీకి డబ్బాలో వేసుకుని, పెట్టె పట్టుకుని గుమ్మంలోకి వచ్చేసరికి పిన్ని మెట్లెక్కుతోంది.

"చీటీలు రాసిపెట్టడానికి మనిషి కావాలి. ఇక్కడెవరో ఉన్నారన్నారు."

"మీకు గుర్తులేనివన్నీ నేను రాస్తానండీ," అన్నాడతను.

అన్నాక కిందికి చూసుకున్నాడు. పదకొండు ఎన్నికలు చేసి కూడా ఎవరి గడప మీదా నిలబడనివాడు, తన గడప మీదే నిలబడి ఉన్నాడు. పెట్టె లోపల పెట్టాడు.

మర్నాడు పొద్దున్న అతను తలుపు తీయగానే, అది అతని గొంతుతోనే ఆ మాట అంది. చెప్పులు వేసుకుని వార్డు ఆఫీసుకి వెళ్ళాడు. ఆ పని ఇంకా తెమల్లేదు. తలుపు రోజూ అంటూనే ఉంది.