పందులకు పట్టిన జలుబు

పెద్దకోడలి పందులు దగ్గుతున్నాయి. తల్లిపంది మేత ముట్టలేదు. పిల్లలు దాని పొట్టకు ఆనుకుని, ముక్కులు కారుస్తూ పడుకున్నాయి. గోడకు అవతల తోడికోడలి బాతులు మాత్రం ఎప్పటిలాగే గోల చేస్తున్నాయి. ఆ గోల వినేసరికి పెద్దకోడలికి ఒళ్ళు మండిపోయింది.

"నీ బాతులు నా తొట్టిలో మూతి పెడుతున్నాయని మొత్తుకుంటూనే ఉన్నాను. ఇప్పుడు చూడు, రోగం అంటించాయి!"

"నా బాతులు నిక్షేపంగా ఉన్నాయక్కా. లేని రోగం ఎక్కడినుంచి తెచ్చి అంటిస్తాయి?" అంది చిన్నకోడలు.

పశువుల డాక్టరమ్మ వచ్చింది. "బాతులు పైకి బాగానే ఉండి లోపల వైరస్ మోస్తాయి, వాటినీ చూడాలి" అంటూ దూదిపుల్లలతో పందుల ముక్కుల్లోంచీ, బాతుల గొంతుల్లోంచీ నమూనాలు తీసుకుని వెళ్ళింది. ఫలితం వచ్చేదాకా తోడికోడళ్ళ మధ్య మాటల్లేవు.

డాక్టరమ్మ మళ్ళీ వచ్చినప్పుడు ఇద్దరూ పరుగున వెళ్ళారు.

"బాతుల్లో ఏమీ లేదమ్మా. పందులకి వచ్చింది మనుషుల ఫ్లూ. వాటికన్నా ముందు ఇంట్లో ఎవరికైనా జ్వరం, జలుబు చేసిందా?"

పెద్దకోడలికి తన జ్వరం గుర్తొచ్చింది. జ్వరంతో మూలుగుతూ కూడా పందుల దగ్గరికి ఇంకొకర్ని రానివ్వలేదు తను. బక్కపిల్లను ఒళ్ళో పెట్టుకుని, దాని మొహం మీదే తుమ్ముతూ సీసాతో పాలు పట్టింది.

"పందుల నుంచి మనకి వస్తుందని విన్నాను గానీ, మననుంచి వాటికా?"

"వైరస్‌కి మనిషేమిటి, పందేమిటి? దారి దొరికితే చాలు. ఒంట్లో బాగోలేనప్పుడు పాకలోకి రాకండి. బాతుల్నీ తొట్టి దగ్గరికి రానివ్వకండి. పిట్టల వైరస్సూ మనుషుల వైరస్సూ పందిలో కలిస్తే కొత్తది పుట్టొచ్చు."

చిన్నకోడలు పెదవి బిగబట్టింది. ఎంత బిగబట్టినా నవ్వు ఆగలేదు.

"అనవసరంగా నీ బాతుల్ని ఆడిపోసుకున్నానే" అంది పెద్దకోడలు.

"నాతో అంటే ఏం లాభం అక్కా? వెళ్ళి వాటితోనే చెప్పు."

ఆ మాటకు పెద్దకోడలికీ నవ్వొచ్చింది. పందులు నెమ్మదిగా తేరుకున్నాయి. గోడ మీద కంచె లేచింది.

వానలు మొదలవగానే పెద్దకోడలికి మళ్ళీ తుమ్ములు పట్టుకున్నాయి. అలవాటుగా బాల్చీ అందుకోబోతే తోడికోడలు లాక్కుంది. "గడప దాటావంటే ఊరుకోను!"

పెద్దకోడలు దుప్పటి కప్పుకుని పడుకుంది. కిటికీలోంచి పందులు పోటీపడి మేత జుర్రుతున్న చప్పుడూ, "ఒరే, తోసుకోకండి, అందరికీ ఉంది!" అన్న గదమాయింపూ వినిపిస్తున్నాయి. మేత కాస్త ఎక్కువే వేస్తున్నట్టుంది, ఈ పిల్లకి చెయ్యి పెద్దది. పోన్లే, తిననీ అనుకుంటూ హాయిగా కళ్ళు మూసుకుంది.