బ్యాడ్జి బయటే

నాకు నోరెక్కువ. జగ్గయ్యపేటలో మా ఆస్పత్రికొచ్చే వాళ్ళకు డాక్టరుగారి పేరు గుర్తుండకపోయినా, ఎక్స్‌రే గదిలో అరిచే దేవమణమ్మ ఎవరంటే చెప్తారు. అంత నోరూ ఒక్క విషయంలో మాత్రం మూడేళ్ళు కుట్టేసినట్టు మూసుకుపోయింది.

మా కుటుంబరావు డాక్టరుగారు తొంభై ఆరులో సి-ఆర్మ్ కొన్నారు. ఒళ్ళు పెద్దగా కొయ్యకుండా, లోపలి బొమ్మ టీవీలో చూసుకుంటూ సూది ఎక్కడికి కావాలంటే అక్కడికి పంపించే మిషన్ అది. రోజూ విరిగిన ఎముకలు, గురువారం గురువారం విజయవాడ నుంచి వచ్చే స్పెషలిస్టు చేసే కిడ్నీ కేసులు. ముక్త్యాల, వత్సవాయి వైపు నుంచి రాళ్ళతో నడుం పట్టుకుని వచ్చేవాళ్ళకు కొదవేం లేదు. టెక్నీషియన్ని మాత్రం నేనొక్కదాన్నే.

ఆ గదిలోకి వెళ్ళేవాళ్ళు ఛాతీమీద చిన్న ప్లాస్టిక్ బ్యాడ్జి పెట్టుకోవాలి. ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో అది పట్టుకుంటుంది. మూణ్ణెల్లకోసారి ప్రభుత్వ ల్యాబుకు పంపితే రిపోర్టు వస్తుంది. రెండువేల రెండులో నా రిపోర్టుతోపాటు ఒక ఉత్తరం కూడా వచ్చింది. హద్దు దాటిందట, నన్ను కొన్నాళ్ళు ఆ గదికి దూరంగా ఉంచాలట. అప్పటికే నా ఎడమచేతి వేళ్ళు పగుళ్ళు పట్టి, గోళ్ళమీద నల్లగీతలు లేచాయి. విరిగిన కాళ్ళు లాగి పట్టుకునేటప్పుడు ఎప్పుడూ ఆ చెయ్యే కిరణాల దారిలో ఉండేది.

డాక్టరుగారు ఉత్తరం రెండుసార్లు చదివి మడతపెట్టారు.

"నువ్వు కూర్చుంటే మిషనూ కూర్చుంటుంది దేవమణీ. ఇంకో మనిషిని తెచ్చుకున్నానంటే ఇక నీకు పనుండదు. ఏం చేద్దామో నువ్వే చెప్పు."

ఏం చెప్పను? ఈ పని తప్ప నాకింకోటి రాదు. ఇంట్లో సంపాదించేదాన్ని నేనే. చివరికి ఆయనే దారి చూపించారు.

"బ్యాడ్జి బయట తగిలించి లోపలికెళ్ళు. దానికి తగలకపోతే వాళ్ళకేం తెలుస్తుంది?" అన్నారు, చెప్పులు బయట విడిచి రమ్మన్నంత తేలిగ్గా.

ఆ రోజునుంచి రిపోర్టులన్నీ చక్కగా వచ్చాయి. నా చెయ్యి మాత్రం చక్కబడలేదు.

రెండువేల అయిదులో నందిగామ పారామెడికల్ కాలేజీ వాళ్ళు నలుగురు పిల్లల్ని నా దగ్గరికి పని నేర్చుకోమని పంపించారు. ముగ్గురు కాలేజీ ఇచ్చిన బ్యాడ్జీలు ఇంట్లోనే మర్చిపోయే రకం. నాలుగో పిల్ల రిజ్వానా. పెనుగంచిప్రోలు నుంచి వచ్చేది. వాళ్ళ నాన్న నాగూర్ బాషా ఆటో నడుపుతాడు. ఆ పిల్ల ఒకసారి పరీక్ష తప్పింది.

"ఈసారి కూడా పోతే ఇంట్లోనే కూర్చోమన్నాడు మేడం మా నాన్న. ఇంట్లో కూర్చుంటే నేను చచ్చిపోతా," అనేది.

"చచ్చేదానివి కాస్త పని నేర్చుకుని చావు," అనేదాన్ని. నవ్వేది. నా అరుపులకు జడవనిది అదొక్కతే.

"ట్యూబు బల్ల కిందే ఉండాలే తల్లీ. పైకి తిప్పావంటే కిరణాలన్నీ మన మొహాలకే కొడతాయి. డాక్టరు అడగందే బొమ్మ తియ్యకు. తెరమీద ఆగిన బొమ్మతో పని జరుగుతుంటే ఇంకోటెందుకు, పెళ్ళి ఆల్బమా?" అని నేనరుస్తుంటే గబగబా రాసుకునేది. నాకు మూడేళ్ళు పట్టిన పని మూణ్ణెల్లలో పట్టేసింది. నాకు పిల్లలుంటే ఇలాంటిదే ఉండాలనిపించేది, ఎందుకు దాచుకోవాలి.

ఒక గురువారం పేషెంటు బల్లమీద బోర్లా పడుకుని మూలుగుతున్నాడు, స్పెషలిస్టు తొందరపెడుతున్నాడు, కుటుంబరావుగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. సరిగ్గా అప్పుడే అడిగింది రిజ్వానా.

"మేడం, మీ బ్యాడ్జి బయటే ఉండిపోయింది. తెచ్చివ్వనా?"

"అక్కర్లేదు! లోపలికి తెస్తే కిరణాలు తగిలి పాడైపోద్ది," అని కసిరాను.

నోటికొచ్చిన అబద్ధం. సాయంత్రం సర్దిచెప్పొచ్చులే అనుకున్నాను. సాయంత్రం సిగ్గేసింది. మర్నాడు చూస్తే ఆ పిల్ల బ్యాడ్జి కూడా నా బ్యాడ్జి పక్కకు చేరింది. పుస్తకం కంటే నన్నే ఎక్కువ నమ్మింది. నేను చూసీ చూడనట్టు లోపలికి వెళ్ళిపోయాను. ఛీ, తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే అసహ్యం.

పరీక్ష మా సి-ఆర్మ్ గదిలోనే పెట్టారు. బయటినుంచి ఎగ్జామినర్ వచ్చాడు. మా వార్డుబాయ్ బ్రహ్మయ్యను కిడ్నీ పేషెంటులాగా బోర్లా పడుకోబెట్టాం. రిజ్వానా మిషన్ని ఒక్క చేత్తో తిప్పి, వంచి, సూది దిగాల్సిన చోటు తెర మధ్యకు వచ్చేలా సరిగ్గా నిలబెట్టింది. అడిగినవాటికి తడుముకోకుండా చెప్పింది. ఎగ్జామినర్ మెచ్చుకోలుగా తలూపాడు.

"అంతా బాగుందమ్మా. నీ బ్యాడ్జి ఏది?"

"బయట తగిలించా సర్. కిరణాలు తగిలితే పాడైపోద్ది గదా."

ఆయన పెన్ను పక్కన పెట్టాడు. "రక్షణ ప్రశ్న తప్పితే మొత్తం తప్పినట్టే, తెలుసా? ఎవరమ్మా నీకిది చెప్పింది?"

రిజ్వానా నావైపు తిరిగింది. నవ్వుతూ తిరిగింది, పిచ్చిపిల్ల, నేను వెనకేసుకొస్తానని. గోడకానుకుని నిలబడ్డ కుటుంబరావుగారు కూడా నన్నే చూస్తున్నారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

నా మొహంలో ఏం కనపడిందో, ఆ నవ్వు ఆగిపోయింది.

"నేనే పొరబడ్డా సర్. మేడం అట్టా చెప్పలేదు," అంది.

ఇక తట్టుకోలేకపోయాను.

"అబద్ధం సర్! నేనే నేర్పాను. మూడేళ్ళనుంచి నా బ్యాడ్జీ అక్కడే ఉంటోంది. డాక్టరుగారే పెట్టమన్నారు. ఇదుగో, నా చెయ్యి చూడండి. ఆ పిల్లను ఫెయిల్ చెయ్యకండి, మీ కాళ్ళు పట్టుకుంటా."

కప్పు కూలుతుందనుకున్నాను. ఏమీ కాలేదు. ఎగ్జామినర్ నా చెయ్యి చూశాడు, డాక్టరుగారిని చూశాడు, తలుపు వైపు చూశాడు.

"ఇలాంటివి నా ముందుకు తేకండి డాక్టరుగారూ," అని విసుక్కుని, రిజ్వానాకు పాస్ మార్కులు వేసేశాడు. ఆయనా డాక్టరుగారూ భోజనానికి వెళ్ళిపోయారు.

"ఇక లేవచ్చాండి?" అన్నాడు బల్లమీదనుంచి బ్రహ్మయ్య.

సాయంత్రం డాక్టరుగారు పిలిపించారు. కోపం కూడా లేదు ఆయన గొంతులో. "రేపట్నుంచి ఇంట్లో రెస్టు తీసుకో దేవమణీ. నీ శిష్యురాల్ని పెట్టుకుంటున్నా," అన్నారు.

ఉరుకులు పరుగుల మీద బయటికొచ్చాను. రిజ్వానా గేటు దగ్గరే ఉంది, పెనుగంచిప్రోలు ఆటో కోసం చూస్తూ. నన్ను చూడగానే ఎదురొచ్చింది.

"పాసయ్యా మేడం! డాక్టరుగారు ఉద్యోగం కూడా ఇస్తారంట!"

"చేరొద్దు," అన్నాను. ఉత్తరం సంగతి, డాక్టరుగారు అన్న మాట, బ్యాడ్జి పాడవుతుందని నేను చెప్పిన అబద్ధం, అన్నీ అక్కడే నిలబెట్టి చెప్పేశాను. నన్ను పంపించేశారని కూడా చెప్పాను.

"నేను బ్యాడ్జి పెట్టుకునే చేస్తా మేడం."

"పెట్టుకోనివ్వరే పిచ్చిదానా!"

అది నా ఎడమచెయ్యి తన చేతుల్లోకి తీసుకుని ఒక్కో వేలూ తడిమి చూసింది. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. ఆటో వచ్చి ఆగినా కదల్లేదు. హమ్మయ్య, అర్థమైంది అనుకున్నాను.

"మీకిట్టా మొదలవడానికి ఎన్నేళ్ళు పట్టింది మేడం?"

"ఆరేళ్ళు."

కళ్ళు తుడుచుకుంది. కాసేపు మనసులో ఏదో లెక్కేసుకుంది.

"అయితే నేను నాలుగేళ్ళు చేసి మానేస్తా," అని ఆటో ఎక్కింది.