రెండో వరుస

నాకు కోపం తొందరగా వస్తుంది. ఆ ఉదయం ఆంజినమ్మ ఫోన్ చేసినప్పుడూ వచ్చింది.

"ఏం ప్రసూనమ్మా, బండి ఇంగా రాలేదే? సిద్దమ్మకు కాళ్లూ మొగమూ వాచిపోయుండాయి. తలనొప్పి తలనొప్పి అని ఒగటే ఏడుస్తాంది."

ఆంజినమ్మ ముదిగుబ్బ అవతల గొల్లకొట్టాలలో ఆశా కార్యకర్త. నేను అనంతపురంలో ఒక ట్రస్టు ఆసుపత్రిలో కంప్యూటర్ పని చూస్తాను. చుట్టుపక్కల పల్లెల్లో బీపీ ఉన్న గర్భిణులను కాన్పుకు వారం ముందే మా బండి వెళ్లి తీసుకొస్తుంది. ఏ రోజు ఎవరిని తేవాలో డ్రైవర్‌కు ఇచ్చే చీటీ నా కంప్యూటర్ నుంచే వస్తుంది.

పట్టికలో వెతికాను. సిద్దమ్మ, ఇంటి పెద్ద శివప్ప, గొల్లకొట్టాల. కాన్పు తేదీ వచ్చే నెలాఖరు. బీపీ లేదు.

"ఆమెకు ఇంగా శానా టైముండాది కదక్కా. బీపీ గూడా లేదు."

"లేదా? ఇబ్బుడే మిషన్ పట్టి చూసినా. యా పొద్దూ లేనంత ఉండాది."

"అయితే నువ్వే తప్పు కొట్టి పంపింటావ్. కంప్యూటర్ ఎందుకు తప్పు చెప్తుంది?"

"నా కండ్ల ముందర మనిషి పండుకోనుంటే టైముండాది అంటావేమమ్మా!" అని ఆంజినమ్మ ఫోన్ పెట్టేసింది.

నా పొగరుకు కారణం ఉంది. ఆశా అమ్మలు ఫోన్‌లో గళ్లు నింపి పంపే వివరాలు మాకు సీఎస్‌వీ ఫైళ్లుగా వస్తాయి. అంటే ఉత్త అక్షరాల ఫైలు. ఒక్కో మనిషికి ఒక్కో వరుస, పేరుకూ ఊరికీ వయసుకూ మధ్య ఒక కామా. ఇదివరకు వాటిని చూసి పట్టికలో మళ్లీ కొట్టుకునేవాళ్లం. నేను వీడియోలు చూసి నేర్చుకుని, ఫైళ్లన్నీ ఒక్కసారే చదివి పట్టికలో వేసే కోడ్ రాశాను. మొదట్లో అది నన్ను ఏడిపించింది. తేదీలో రోజును నెలగా, నెలను రోజుగా చదివింది. ఎవరో ఊరిపేరులో అదనంగా ఒక కామా పెడితే గళ్లన్నీ పక్కకు జరిగి, ఒకావిడ వయసు 'రామాలయం దగ్గర' అయింది. అన్నీ సరిచేశాను.

చివరికి మిగిలినవి జంట వరుసలు. సిగ్నల్ సరిగా లేక, పంపింది చేరిందో లేదో తెలియక, ఆశా అమ్మలు ఒకే మనిషిని రెండుసార్లు పంపేవాళ్లు. బండి ఒకే ఇంటికి రెండుసార్లు పోయేది. డ్రైవర్ పీరాసాబ్ వచ్చి నామీద అరిచేవాడు. అందుకే వీడియోలో ఎవరో చెప్పినట్టు కోడ్‌లో ఒక వరుస రాశాను. పేరు, ఇంటి పెద్ద, ఊరు, ఫోన్ నంబరు ఒకటే అయితే మొదటిది ఉంచు, రెండోది తీసెయ్యి. ఒక్క వరుసతో పట్టిక కడిగిన పళ్లెంలా తయారైంది. డాక్టరమ్మ భుజం తట్టింది. ఇంకేం, నా కాళ్లు నేల మీద నిలవలేదు.

ఆంజినమ్మ తప్పు ఆమెకే చూపిద్దామని ఆమె పంపిన అసలు ఫైలు తెరిచాను. సిద్దమ్మ, శివప్ప, గొల్లకొట్టాల. దాని కిందే ఇంకోసారి సిద్దమ్మ, శివప్ప, గొల్లకొట్టాల. అదే ఫోన్ నంబరు. చూశావా, రెండుసార్లు కొట్టింది అనుకున్నాను. కానీ రెండో వరుసలో వయసు వేరు. కాన్పు తేదీ ఈ వారమే. బీపీ ఎక్కువ. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు.

రెండు వరుసలనూ వేలు పెట్టి మళ్లీ చదివాను.

నేను ఈ సీమలో పుట్టినదాన్నే. మా ఇంట్లో మా నాయనను కన్న జేజి పేరుతో ముగ్గురున్నారు. అన్నదమ్ములంతా తమ పెద్ద కూతుళ్లకు తల్లి పేరు పెట్టుకుంటారు. ఆ అక్కచెల్లెళ్లు మేనరికం కలిసి ఒకే మేనత్త ఇంటికి కోడళ్లుగా పోతారు. ఇంటికంతా ఒకే ఫోన్, అది మామ జేబులో ఉంటుంది. పెద్ద సిద్ది, చిన్న సిద్ది అని నోటితో పిలుచుకుంటారు గానీ ఆధార్ కార్డులో ఇద్దరూ సిద్దమ్మలే. ఇది తెలియనిదాన్నా నేను? కోడ్ రాసేటప్పుడు మాత్రం ఈ నేల తొక్కనిదానిలా రాశాను.

ఆంజినమ్మకు ఫోన్ చేశాను. "అక్కా, ఆ ఇంట్లో సిద్దమ్మలు ఎంతమంది?"

"ఇద్దురు. నేను చెప్తాండేది చిన్న సిద్దిని. రెండు వరుసలు కొట్టి పంపినా కదమ్మా."

"పంపినావక్కా. నేనే రెండోది తీసేసినా."

"తీసేసినావా? మనిషిని తీసేసినావా?"

ఫోన్ పెట్టి బండి కోసం వెతుకులాట మొదలుపెట్టాను. అంబులెన్స్‌కు చేస్తే ఇంకో కేసు మీద ఉన్నదన్నారు. పీరాసాబ్‌కు చేశాను.

"యాడుండావన్నా?"

"గార్లదిన్నెలో. ఇద్దురు ఎక్కినారు, వస్తాండా."

"వాళ్లను ఈడ దింపి ముదిగుబ్బ దిక్కు పోవల్లన్నా. ప్రాణం మీదికొచ్చింది."

"చీటీలో లేదే?"

"చీటీ కాదు నా తలకాయ! పోన్నా, నీకు దండం పెడతా!"

గార్లదిన్నె అనంతపురానికి ఉత్తరాన ఉంది, ముదిగుబ్బ పూర్తిగా ఇంకో దిక్కు. శివప్పా కొడుకులూ మేత లేక గొర్రెలను తోలుకుని కాలువ నీళ్లున్న ఊర్లకు పోయి ఉన్నారు. కొట్టాలలో ఉన్నది ఆడవాళ్లే. చివరికి ఆంజినమ్మే సంతకు గొర్రెలను తోలే వ్యాన్‌ను రోడ్డుమీద అడ్డంగా నిలబడి ఆపింది. గొర్రెలను దింపించి చిన్న సిద్దిని ఎక్కించింది. బత్తలపల్లె దగ్గర పీరాసాబ్ బండిలోకి మార్చాలని అనుకున్నాం.

ఆ తర్వాత ఆమె ఫోన్ కలవలేదు. ఊరికే కూర్చుంటే పిచ్చిపట్టేలా ఉంది. తీసేసిన వరుసలన్నీ విడిగా ఒక ఫైల్లో పడేట్టు కోడ్‌లో మొదటే రాసి ఉంచాను, నేను చేసిన బుద్ధిగల పని అదొక్కటే. అందులోని నంబర్లకు వరసగా ఫోన్ చేయడం మొదలుపెట్టాను.

"మీ ఇంట్లో ఫరీదాలు ఎంతమందమ్మా?"

"ఒగతే. ఏం, ఇంగొగతి కావల్నా?" అని అటువైపు నవ్వు.

నవ్వే స్థితిలో లేను. ఇంకో ఇంట్లో ఈశ్వరి పేరుతో ఇద్దరు తేలారు. రెండో ఈశ్వరికి ఇంకా ఏడో నెలే అని తెలిశాక గానీ ఊపిరి ఆడలేదు. మళ్లీ నంబరు నొక్కబోతుండగా పీరాసాబ్ ఫోన్ వచ్చింది.

"ఎక్కించుకున్యామమ్మా. బండి మారుస్తాంటే ఫిట్స్ వచ్చినాయి. రెబెకా సిస్టర్‌కు చెప్పు, అంతా తయారుగా పెట్టమను."

మెట్లు దిగి కాన్పుల గదికి పరుగెత్తి రెబెకాకు చెప్పాను. బండి వచ్చేసరికి రెబెకా స్ట్రెచర్‌తో గుమ్మంలోనే ఉంది. చిన్న సిద్ది కళ్లు తేలేసి ఉంది. చిన్నపిల్ల, ఇరవై కూడా నిండినట్టు లేదు. నేను పట్టికలోంచి తీసేసింది ఈ పిల్లనే. ఆమెను లోపలికి తీసుకుపోయారు, తలుపులు మూసుకున్నాయి.

వెంట వచ్చిన అత్త నల్లమ్మ గోడకు ఆనుకుని కూలబడింది. చీరంతా గొర్రెల వాసన. నేను పక్కన కూర్చుని చెప్పేశాను. "అవ్వా, బండి రాకపోవడం నా తప్పే. నీ కోడండ్లు ఇద్దురినీ ఒగతే అనుకున్యా."

ఆమె నావైపు తిరగలేదు. "ముందు దాన్ని బతకనీ. ఆ పైన తిడతా నిన్ను."

తలుపు వైపే చూస్తూ కూర్చున్నాం. నేను మొక్కని దేవుడు లేడు.

చాలాసేపటికి రెబెకా బయటికి వచ్చింది. "తల్లి గండం గడిచింది. ఆడపిల్ల. బరువు తక్కువే గానీ గట్టిగా ఏడుస్తాంది."

నల్లమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. తర్వాత ఆమె ముఖం తుడుచుకుని, మాట ఇచ్చిన ప్రకారం నన్ను తిట్టింది. మా అమ్మ కూడా నన్ను అంత వివరంగా ఎన్నడూ తిట్టలేదు. తలవంచుకుని అన్నీ పడ్డాను.

టీకాల కార్డు నింపుతూ రెబెకా అడిగింది. "పాపకు పేరు అనుకున్యారా?"

"అనుకునేదేముంది? నల్లమ్మ. నా పేరే."

నాకు ఎక్కడో కొట్టింది. "అవ్వా, వచ్చే నెల పెద్ద సిద్దికీ ఆడపిల్లే పుడితే?"

"దానికీ నల్లమ్మే."

"అవ్వా! నీ కాళ్లు పట్టుకుంటా, ఒగరికన్నా వేరే పేరు పెట్టు!"

నల్లమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "ఇద్దురు కొడుకులనూ నేనే కంటి. నీ మిషన్‌కు తెల్దని ఒగ కొడుక్కు నా పేరిచ్చి, ఇంగొగనికి లేదనల్నా? పోయి నీ మిషన్‌కే నేర్పుకో పో."

పోయాను. కోడ్‌లో 'రెండోది తీసెయ్యి' అన్న వరుసను కొట్టేశాను. పట్టికలో పేరు పక్కన ఒక గడి పెంచి 'ఇంట్లో ఏమని పిలుస్తారు' అని పెట్టాను. తర్వాత మిగిలిన నంబర్లకు ఫోన్ చేయడానికి కూర్చున్నాను.