కలిపి కట్టిన ఇళ్లు

కంబోడియాలోని తోన్లే సాప్ సరస్సు మీద తేలే ఇళ్లన్నీ ఖాళీ చెయ్యాలని ప్రభుత్వం చాటించాక, థోవాకు ఒకటే కోరిక పట్టుకుంది. గట్టు మీద ఇచ్చే స్థలాల్లో కూతురు మీయెన్ పక్కన తనకూ ఓ ముక్క దొరకాలి. మీయెన్‌కు దిగుల్లేదు, కట్టుకున్నది ఈ దేశపు ఖ్మేరు కుర్రాణ్ణి. థోవా మాత్రం ఈ నీళ్ల మీదే పుట్టినా, కాగితాల్లో వియత్నాం మనిషి. ఏనాడూ కంటితో చూడని దేశం ఆవిడకు సొంత దేశమట! అయినా విదేశీయులకిచ్చే కార్డు ఉండి, ఇంటికి నంబరు పడినవాళ్లకు స్థలం ఇస్తామన్నారు. కార్డు ఉంది. నంబరు దగ్గరే కొంప మునిగింది.

లెక్కలవాళ్లు పడవల్లో వచ్చిన నెలలోనే మీయెన్ ప్రసవించింది. బాలింత నెల్లాళ్లూ కుంపటి పక్కన పడుకోవాలి, కన్నతల్లి కనిపెట్టుకుని ఉండాలి. అందుకు ఈ నీళ్ల మీద ఏ తల్లయినా చేసేదే థోవా చేసింది. తన ఇంటిని లాక్కొచ్చి కూతురి ఇంటికి తాళ్లతో కట్టేసింది. లెక్కలవాళ్లు రెండింటినీ ఒకటే అనుకుని ఒక నంబరు వేసి పోయారు. బాలింతకు మిరియాల కూర ఉడికిస్తున్న థోవా తలెత్తి చూడనైనా లేదు.

ఇప్పుడు ఆఫీసు బల్ల ముందు నిలబడింది.

"పెద్దమ్మా, జాబితాలో నీ ఇల్లు లేదు," అన్నాడు గుమాస్తా.

"లేకపోవడమేంటి బాబూ? అదిగో, కిటికీలోంచి కనపడట్లా, నీలం రేకులది!"

"కనపడితే చాలదు. ఆ నంబరు మీ అమ్మాయిది."

"నెల నిండగానే తాళ్లు విప్పుకుని పోయేదాన్నే! నాలుగు రోజులాగి రాకూడదూ మీరు?"

గుమాస్తాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. "నా చేతుల్లో ఉంటే రాసేద్దును. పోనీ వాళ్లింట్లో మనిషిగా రాద్దామంటే అది పౌరుల జాబితా. అందులో పేరు లేని మనిషి అక్కడ కనపడితే వాళ్ల స్థలమే లాక్కుంటారు."

బయట మీయెన్ పిల్లనెత్తుకుని ఎదురుచూస్తోంది. సంగతి విని, "నువ్వు ఊరికే వచ్చెయ్యమ్మా. ఎవడు చూడొచ్చాడు?" అంది.

"చూస్తే నీకూ నిలువనీడ ఉండదు. నోర్మూసుకుని పిల్లకి పాలియ్యి."

వారం తిరిగేసరికి అల్లుడు ఇల్లు విప్పి గట్టు మీద గుంజలు పాతుకున్నాడు. థోవా తన ఇంటిని వియత్నాం సరిహద్దు వైపు వెళ్లేవాళ్ల గుంపులో చేర్చింది. ఎల్లుండి ప్రయాణం. చొక్కాకు మనవరాలి పాలవాసన ఇంకా ఉంది, ఉతకబుద్ధి కాలేదు. ఉండిపోవాలని ప్రాణం కొట్టుకుంటోంది. ఆ గట్టు మీద ఏ మూలైనా సరే.

సాయంత్రం ఫోను మోగింది.

"అమ్మా, పిల్ల పొద్దుట్నుంచీ ఒకటే ఏడుపు. పాలిచ్చినా కన్ను మూయదు."

"ఒళ్లు కాలుతోందా?"

"లేదు. ఇల్లు కదలట్లేదమ్మా. అదీ దాని బాధ."

నిజమే అనుకుంది థోవా. నీళ్ల మీద పుట్టిన పిల్ల, పాపం, దానికి నేలేం తెలుసు?

"కాళ్ల మీదేసుకుని ఊపు. గట్టిగా కాదు. పక్కనుంచి పడవ పోతే ఊగుతాం చూడు, అంతే."

"నాకు చేతకావట్లేదు. నువ్వొచ్చి ఊపు."

"ఫోను పెట్టెయ్యకు," అంది థోవా. "నే చెబుతుంటా, నువ్వు ఊపు. అటు... ఇప్పుడిటు..."

చెబుతూ చెబుతూ తనూ కాళ్లు చాపుకుంది. ఒళ్లో ఎవరూ లేకపోయినా, చీకటి పడేదాకా ఊపుతూనే ఉంది.