కోడలు చదివిన బోర్డులు

ఫోన్ పెట్టేసి మామగారు కుర్చీలోంచి లేచిన తీరు చూస్తేనే కోడలికి అర్థమైపోయింది, వచ్చింది మంచి కబురేనని. బస్సు డ్రైవరుగా రిటైరైన మనిషి. మోకాళ్లు పట్టేశాయంటూ రోజూ గోడ పట్టుకుని లేచేవాడు, ఆ పూట కుర్రాడిలా లేచాడు.

"బడి బస్సు నాకే ఇచ్చారమ్మా. వచ్చే వారం నుంచి రమ్మన్నారు."

"కళ్ల పరీక్ష పాసయ్యారా మామయ్యా?"

"పాసవకేం? గోడ మీద అక్షరాల అట్ట చిరిగిపోయిందట. డాక్టరు కిటికీ తీసి, ఎదురుగా డిపోలోకి వచ్చే బస్సుల నెంబర్లు చెప్పమన్నాడు. గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. మీకు కాదండీ, అద్దాలు నాకే కావాలి అన్నాడాయన."

కోడలు పకపకా నవ్వింది. ఆ ఇంటికి వచ్చి ఇంకా నెల తిరగలేదు. ఆమెకి అన్నీ సంబరమే. భర్త చొక్కాల పక్కన తన చీరలు వేలాడటం, రెండు టూత్‌బ్రష్‌లు ఒకే గ్లాసులో ఒకదాని మీద ఒకటి వాలి ఉండటం, బయటికెళ్తూ ఇంటి తాళం తనే వేయడం. అత్తగారు పోయాక ఇద్దరు మగాళ్లు మాటా పలుకూ లేకుండా ఏళ్లు గడిపిన ఇల్లది. ఇప్పుడు తెల్లారింది మొదలు ఆమె గొంతే. నోట్లో నువ్వుగింజ నానదని పుట్టింట్లో తిట్లు తిన్న పిల్లని, ఇక్కడ మామగారు అడిగి మరీ మాట్లాడించుకునేవాడు.

"మరి ఈ సంతోషానికి మాకేమిస్తారు?" అంది.

"ఏం కావాలో కోరుకో తల్లీ."

ఆమె డిగ్రీలో భూగోళశాస్త్రం చదివింది. గాలీ వానా చెక్కిన రాళ్ల గురించి పరీక్షలో పేజీలకి పేజీలు రాసింది గానీ, ఒక్క రాయినీ కళ్లారా చూడలేదు. సముద్రానికి వెళ్లే దారిలో అలాంటి గుట్టలున్నాయనీ, తన బస్సు అటే తిరిగేదనీ మామగారే ఒకసారి చెప్పాడు.

"ఆ రాళ్లు. అవి చూశాక సముద్రం. ఒక రాత్రి అక్కడే."

అప్పుడే పని నుంచి వచ్చిన భర్త గుమ్మంలో చెప్పులు విప్పుతూ, "నన్నడిగేవాళ్లు లేరా ఈ ఇంట్లో?" అన్నాడు.

"నువ్వెలాగూ వెనక సీట్లో నిద్రపోతావు. నిన్నడిగేదేముందిరా?" అన్నాడు మామగారు.

ఆ మాట నిజమే. ప్రెస్సులో అచ్చు యంత్రాలు విప్పి బిగించే చేతులు అతనివి. కారు మాత్రం నడపడం రాదు. ఒక ఇంటికి ఒక డ్రైవరు చాలని తండ్రి అతన్ని స్టీరింగు ముట్టుకోనివ్వలేదు.

రెండు రోజుల తరవాత పాత కారులో బయల్దేరారు. కొత్త జంట వెనక కూర్చోబోతుంటే మామగారు ముందు తలుపు తీసి పట్టుకున్నాడు.

"అమ్మాయ్, నువ్విక్కడ. కబుర్లు చెబుతూ ఉండు. కనిపించిందల్లా చెప్పు, నాకు కునుకు పట్టకుండా ఉంటుంది."

ఆమెకి అంతకన్నా ఏం కావాలి? ఊరు దాటకముందే మొదలుపెట్టింది.

"'మెల్లగా వెళ్లండి, ఇంట్లో మీ కోసం ఎదురుచూస్తున్నారు'. ఈ బోర్డు రాసినవాడికి కొత్తగా పెళ్లయినట్టుంది మామయ్యా. ఎదురుగా లారీ వస్తోంది, దాని మీద నెమలి బొమ్మ, నెమలికి మీసాలు కూడా పెట్టారు. అయ్యో, మేకలు, రోడ్డుకి అడ్డంగా! ఒకటి కదలకుండా మనకేసే చూస్తోంది, అచ్చం మీ అబ్బాయిలాగే."

"నాకు వినిపిస్తోంది," అన్నాడు భర్త వెనక నుంచి, కళ్లు తెరవకుండా.

మామగారు నవ్వుతూ వేగం తగ్గించేవాడు, మేకలు దాటాక పెంచేవాడు. ఇంత ముచ్చటగా తన మాటలు విన్నవాళ్లు పుట్టి బుద్ధెరిగాక లేరనుకుంది ఆమె.

మధ్యాహ్నానికి రాళ్లు కనిపించాయి. ఎర్రటి బయలులో, పరుపులు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు పొరలు పొరలుగా కొన్ని, సన్నటి కాడ మీద గొడుగు విప్పినట్టు కొన్ని. ఆమె చెప్పులు వదిలేసి పరుగెత్తింది. రాతికి చెంప ఆనించింది. వెచ్చగా ఉంది. ఇంత బరువైనదాన్ని గాలి చెక్కిందంటే పుస్తకంలో చదివినప్పుడు నమ్మింది గానీ, ముట్టుకున్నాక నమ్మలేకపోయింది.

మామగారు కారు దగ్గరే నిలబడి చెయ్యి చాచాడు. "అటు చూడమ్మా, ఒంటె. మెడ ఎలా చాచిందో చూశావా? లేచి నడవబోతున్నట్టు ఉంటుంది. బస్సు ఆపి మరీ అందరికీ చూపించేవాణ్ణి."

ఆమె చూసింది. మూపురం ఉంది. మెడ ఉండాల్సిన చోట రాయి విరిగిన తెల్లటి మచ్చ ఉంది. కింద ముక్కలు కుప్పగా పడి ఉన్నాయి, చుట్టూ కంచె, దగ్గరికి రావద్దని బోర్డు. వేళాకోళమాడుతున్నాడనుకుని నవ్వబోతూ వెనక్కి తిరిగింది. ఆయన వేలు సరిగ్గా ఆ రాయి వైపే ఉంది. ముఖంలో మాత్రం వేళాకోళం లేదు.

"కనిపించిందా?"

"కనిపించింది మామయ్యా," అంది. ఎందుకలా అందో ఆమెకే తెలియదు.

మళ్లీ కారెక్కాక ఆమెకి మాట రాలేదు. వెనక భర్త గురక. కారు కొంతసేపు బాగానే వెళ్లింది, తరవాత తడబడింది. చక్రాలు రోడ్డు దిగి కంకర మీద కరకరలాడాయి, మళ్లీ పైకెక్కాయి.

"మాట్లాడవేం అమ్మా?" అన్నాడు మామగారు. గొంతులో నవ్వు లేదు.

ముందు గడ్డిమోపుతో సైకిలు తొక్కుతూ ఒక మనిషి పోతున్నాడు. కారు నేరుగా అతని మీదికే వెళుతోంది.

"సైకిలు! ఎడమ పక్కన సైకిలు, మామయ్యా!"

స్టీరింగు గిర్రున తిరిగింది. గడ్డిమోపు అద్దాన్ని రాసుకుంటూ వెనక్కి పోయింది. సైకిలతను తిట్టిన తిట్టు సగమే వినిపించింది.

అప్పుడు ఆమెకి అంతా తెలిసిపోయింది. ముచ్చటపడి వింటున్నాడనుకున్న కబుర్లే ఆయనకి రోడ్డు. ఆపమని నోటిదాకా వచ్చింది. ఆపితే ఆ ఎండలో, ఆ బయలులో, బండి కదిపే రెండో మనిషి లేడు. మెల్లగా పోనివ్వమని చెప్పి, సముద్రం దాకా నోరు ఆపలేదు. లారీ, మలుపు, గుంత, మనిషి. ఒక్క హాస్యం లేదు అందులో.

లాడ్జి మెట్ల మీద కూర్చుంటే అలలు కనిపిస్తున్నాయి. భర్త టీ తేవడానికి వెళ్లాడు.

"మామయ్యా, ఒంటెకి మెడ లేదు. విరిగిపోయింది."

"ఎప్పుడు?"

"తెలీదు. కంచె కూడా వేశారు."

"ఊ."

"మరి ఆ బస్సుల నెంబర్లు?"

"ఇంజన్లమ్మా. ఒక్కోదానిది ఒక్కో దగ్గు. అవన్నీ నేను నడిపినవే." ఆయన అరచేతులు మోకాళ్లకి రుద్దుకున్నాడు. "పక్కలు కనిపిస్తాయి. సూటిగా చూసిన చోటే మసక. నీ ముఖం చూడాలంటే నీ చెవి వైపు చూడాలి."

తను మాట్లాడుతుంటే ఆయన పక్కకి చూడటం కొత్త కోడలి దగ్గర మొహమాటమనుకుంది ఇన్నాళ్లూ.

"బడి బస్సులో పిల్లలుంటారు మామయ్యా."

"ఆ దారి నాకు కంఠతా వచ్చు."

"దారి వస్తుంది. పిల్లలు ఎప్పుడు ఎటు పరుగెడతారో ఎవరికి కంఠతా వస్తుంది?"

"నిన్నగాక మొన్న వచ్చినదానివి, నాకు చెబుతున్నావా డ్రైవింగు?" అన్నాడు గట్టిగా. ఆమె తల వంచుకుంది గానీ అన్న మాట వెనక్కి తీసుకోలేదు. కాసేపటికి ఆయనే అన్నాడు, ఈసారి అలల చప్పుడులో సరిగా వినపడనంత మెల్లగా. "స్టీరింగు తీసేస్తే నేనెవణ్ణి తల్లీ? ఆ ఇంట్లో ఒక కుర్చీని. మూలన పడున్న రేడియో పక్కన ఇంకో రేడియోని. ఇవాళ గుడ్డెద్దు చేలో పడ్డట్టు పోయి పడేవాణ్ణి, పాపం ఆ గడ్డిమోపు మనిషి మీద."

ఏదో ఒకటి చెప్పి నవ్వించాలని ఆమె వెతుక్కుంది. చివరికి ఆయన చొక్కా చెయ్యి అంచు పట్టుకుని ఏడ్చింది. ఆయన వద్దనలేదు.

భర్త టీ గ్లాసులతో వచ్చి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఏమైంది?"

ఆమె మామగారి వైపు చూసింది. అది తను చెప్పాల్సిన మాట కాదు. మామగారి చెయ్యి గ్లాసుకి కాస్త పక్కగా వెళ్లింది, గాలిలో ఆగింది, తరవాత దొరకబుచ్చుకుంది. ఒక గుక్క తాగాడు.

"రేపు పొద్దున మొదటి బస్సుకి ఇంటికెళ్దాం," అన్నాడు. "బండి ఇక్కడే ఉండనీ, ఎవరినైనా పంపి తెప్పిద్దాం. దిగగానే నేను బడికి వెళ్లి, ఇంకో మనిషిని చూసుకోమని చెప్పాలి. నువ్వు నాతో రావాలిరా."

"బస్సులోనా?" అన్నాడు కొడుకు, ఏమీ అర్థం కాక. "నువ్వు బస్సెక్కుతావా నాన్నా?"

"టికెట్టు కొనుక్కుని మరీ ఎక్కుతాను. వెనక సీట్లో కూర్చుందాం. ముందు కూర్చుంటే నా కాలు ఊరికే బ్రేకు కోసం వెతుక్కుంటుంది."